ఒంగోలు ఆవుకు ఒంగోలు సూదే వేయించండి: పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

గ్రీవెన్స్‌లో అర్జీలు పెట్టి పెట్టి విసిగి ఈ లేఖ రాస్తున్నాను. పెట్టిన ప్రతిసారీ సమస్య పరిష్కారమైందని ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. మా కొట్టం వైపు మాత్రం ఎవరూ రారు.

మా బాధ ఒక్కటే అండీ. ఒంగోలు ఆవు ఎదకొస్తే ఒంగోలు సూది, అంటే ఒంగోలు ఆబోతు వీర్యంతో చూలు కట్టించే సూది, దొరకడం లేదు. దేశీ పశుజాతుల కోసం కేంద్రం తెచ్చిన గోకుల్ మిషన్ 2014లో మొదలైంది. నెల్లూరు జిల్లా చింతలదేవిలో దేశీ జాతులను పెంచే కామధేను కేంద్రం పెట్టారు. గుంటూరు పక్కనే లాం పశు పరిశోధన ఫారం ఉంది. ఇన్ని ఉండి కూడా మా ఊరి పశువుల ఆసుపత్రిలో వీర్యం దాచే క్యానులో ఉండేవి సీమజాతి జెర్సీ, ముర్రా గేదె జాతి స్ట్రాలే (వీర్యం నింపిన సన్న గొట్టాలే). ఒంగోలు అడిగితే ‘ఇండెంట్ పెట్టాం, వస్తాయి’ అంటారు. ఇండెంట్ వచ్చేదాకా ఎద ఆగుతుందా? అసలే మా ఆవుది మూగ ఎద. అరవదు, తాడు తెంపుకోదు. తీగ (ఎద జిగురు) వేసిందేమోనని పొద్దుగూకే వేళ తోకెత్తి చూసుకోవాలి. సాయంత్రం కనిపెడితే తెల్లారి సూది పడాలి. ఆ పూట తప్పిందా, మళ్లీ 21 రోజులు ఎదురుచూడాల్సిందే. ఇలా ఎద మీద ఎద పోతుంటే ఆవు వట్టిపోదా?

కిందటిసారి ఒంగోలే అని చెప్పి సూది వేశారు. కోడెదూడ ఎర్రగా పుట్టింది. ఒంగోలు దూడలు కొన్ని అలాగే పుట్టి తర్వాత తెల్లబడతాయి కదా అని ఊరుకున్నాం. నెలలు గడిచినా మూపురం లేవలేదు, గంగడోలు దిగలేదు. జెర్సీ సంకరం! మా ఎండకు మధ్యాహ్నానికే నాలుక బయటపెట్టి రొప్పుతుంది, ఇక కాడి ఏం మోస్తుంది? దాన్ని అడిగింది కసాయి బేరగాడొక్కడే. అదే పెయ్య పుట్టి ఉంటే, మా తాత నాటి నుంచి కాపాడుకున్న ఆవుల సాలే (వంశమే) కల్తీ అయ్యేది.

స్ట్రా మీద జాతి, ఆబోతు నంబరు ముద్రించే ఉంటాయి. సూది వేసే ముందు దాన్ని రైతుకు చూపించమనండి, ఆ నంబరు కార్డులో రాయించండి. దీనికి నిధులు కూడా అక్కర్లేదు కదండీ.

మన దగ్గర నుంచి తీసుకెళ్లిన జాతిని బ్రెజిల్ వాళ్లు కోట్లకు పెంచుకున్నారు. పుట్టిన గడ్డ మీద ఒక్క స్ట్రా కోసం మేం బతిమాలుకుంటున్నాం.

మా ఆవు ఈ నెలలో మళ్లీ ఎదకు రావాలి. ఆలోగా క్యానులో ఒంగోలు స్ట్రాలు ఉండేలా చూడండి. దయచేసి ఈసారి మెసేజ్‌తో సరిపెట్టకండి.

ఇట్లు,
ఒక ఒంగోలు ఆవుల రైతు,
గుంటూరు జిల్లా