కాలువలో నీళ్లు ఆడితేనే మడ బతుకుతుంది: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మనం కొత్తగా నాటిన మడ మొక్కలు (తీరంలో ఉప్పునీటి బురదలో పెరిగే చెట్లు) తక్కువ. సమావేశంలో అందరూ మొదట అడిగేది అదే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. మన చెమటంతా పాత కాలువల పూడిక తీయడానికే పోయింది. అది సరైన పనేనని కార్యవర్గం గట్టిగా నమ్ముతోంది.

కాకినాడ దగ్గరి కోరింగ వైపు మన ఊరికి ఆనుకుని ఉన్న చౌడు నేల మీకు తెలిసిందే. అక్కడ పోటుకు ఎక్కిన నీళ్లు పాటుకు దిగవు. నిలిచిపోయి, ఎండకు ఇగిరిపోయి, ఉప్పు మిగులుస్తాయి. అంత ఉప్పుకు మడ మొక్క కూడా ఆగలేదు. అందుకే పెద్ద కాలువ తవ్వి, రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలు తీస్తాం. పైనుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో అటవీ శాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ 1990ల నుంచి ఈ పద్ధతిలోనే మడను మళ్లీ పెంచాయి. అయితే వరద ఒండ్రుకు కాలువ నోరు మూసుకుపోతే మనం నాటిందంతా వృథా. రెండేళ్ల కిందట నాటిన మొక్కలు సగానికి పైగా ఎండిపోయింది అందుకే. అప్పుడు గేదెలు తినేశాయనుకున్నాం. గేదెల బెడద నిజమే, వల కట్టినా దూరుతున్నాయి. కానీ అసలు దెబ్బ నీళ్లు ఆడకపోవడం వల్లే తగిలింది.

పూడిక తీసిన కొన్నాళ్లకు ఒకరోజు, సముద్రం నీళ్లు దిగిన పాటు వేళ, అక్కడికి వెళ్లాం. మోకాలి లోతు బురద. చచ్చిపోయిందని వదిలేసిన ఒక నల్లమడ మొక్కకు కొత్తగా రెండు ఆకులు వచ్చాయి. ఆకు మీద వేలు రాసి నాలుకకు తగిలిస్తే ఉప్పు. లోపలికి లాగిన ఉప్పును ఆ చెట్టు ఆకుల్లోంచి బయటికి తోసేస్తుంది. అంటే మొక్క పనిలో పడిందన్నమాట! నాకు ఆ రోజు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను.

నర్సరీ భారమంతా మహిళా సభ్యులే మోశారు. విత్తనాలు ఏరి, రాత్రంతా నానబెట్టి, పైపొర ఊడాక బురద నింపిన కవర్లలో పెట్టారు. గాలి కోసం బురదలోంచి పైకి పొడుచుకొచ్చే మడ శ్వాసవేర్లకు చుట్టుకున్న పాత వలలు, ప్లాస్టిక్ కవర్లు తీసింది కూడా ఎక్కువగా వాళ్లే. ఒక రొయ్యల చెరువు మురికినీరు మన కాలువలోకి వదలడంపై మూడుసార్లు మాట్లాడాం. ఇంకా తెగలేదు. ఈసారి రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తాం.

స్కూలు పిల్లలను తీసుకెళ్లినప్పుడు ఒక పాప, మన సముద్రంలో పగడపు దిబ్బలు ఎందుకు లేవని అడిగింది. గోదావరి తెచ్చే మంచినీరు, ఒండ్రు ఉన్నచోట పగడాలు పెరగవు. ఇక్కడ రొయ్య పిల్లకు, పీతకు, పండుగప్పకు ఇల్లు మడే. 1996 నవంబరు తుఫాను చూసినవాళ్లకు, అలల్ని గాలిని అడ్డుకునే మడ విలువ నేను చెప్పక్కర్లేదు. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన 235 చదరపు కిలోమీటర్ల కోరింగ అడవి మన గుమ్మం ముందే ఉంది. నీటికుక్కలు, బావురుపిల్లులు అందులోనే బతుకుతున్నాయి. అటవీ శాఖ అనుమతి లేనిదే అందులో ఎవరూ పార వేయవద్దని మరోసారి మనవి.

జమాఖర్చుల పట్టిక సంఘం గోడ మీద అంటించాం. సందేహముంటే కోశాధికారిని అడగండి.

వచ్చే అమావాస్య వెళ్లాక పెద్ద కాలువ పూడికతీత మొదలవుతుంది. ఇంటికి ఒకరు చొప్పున రావాలి. పార, తట్ట, తాగడానికి నీళ్లు తెచ్చుకోండి. చెప్పులు గట్టు మీదే వదిలేయండి, బురదలో దిగబడిపోతాయి.

ఇట్లు,
కార్యదర్శి