పెచ్చు లేచిన అద్దానికి అక్కరకు రాని బీమా

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన నెల మదనపల్లె నుంచి బెంగళూరుకు తిరిగొస్తున్నాం. చింతామణి దాటి హోస్కోట దగ్గరపడుతుండగా ముందు పోతున్న టిప్పర్లోంచి ఒక కంకర రాయి (ఇక్కడ జల్లి అంటారు) ఎగిరొచ్చి మా కారు ముందు అద్దానికి ఠప్పున తగిలింది. పక్కన కునుకు తీస్తున్న మా ఆవిడ ఉలిక్కిపడి మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాస్త ముందుకెళ్లి ఆపి చూస్తే కందిగింజంత పెచ్చు లేచి ఉంది, దాని చుట్టూ రెండు మూడు వెంట్రుకవాసి బీటలు. టిప్పర్ మీద పట్టా కప్పలేదు. నంబరు ప్లేటు మీద మాత్రం బురద బాగానే కప్పుకుని ఉంది. వెంటపడి అడిగే వయసు నాకు లేదు.

టిప్పర్ల సంగతి వేరే ఉత్తరానికి సరిపడా ఉంది. ఇప్పుడు నేను రాస్తున్నది ఆ కందిగింజంత దెబ్బ పట్టుకుని బీమా చుట్టూ తిరిగితే తెలిసొచ్చిన సంగతి.

మర్నాడు సర్వీస్ సెంటరుకు వెళ్లాను. అక్కడి కుర్రాడు అద్దం మీద వేలితో తడిమి, "క్లెయిము ఇప్పుడే పెట్టొద్దు సార్. వదిలేయండి. అద్దం మొత్తం పగిలినాక రండి, కొత్తది వేయించుకుందురు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పిల్లాడికి జ్వరం తగిలితే టైఫాయిడ్ అయ్యేదాకా ఆగి తీసుకురమ్మనే డాక్టరుంటాడా? కానీ బ్యాంకులో ముప్పై ఏళ్లు అంకెలతో గడిపినవాణ్ణి, ఇంటికొచ్చి పాలసీ కాగితాలు ముందేసుకుని లెక్క కట్టాను. కుర్రాడు చెప్పిందాంట్లో సగం నిజమేనని తేలింది.

1,500 సీసీ లోపు కార్లకు ప్రతి క్లెయిములోనూ మొదటి వెయ్యి రూపాయలు మనమే భరించాలి. అంతకన్నా పెద్ద ఇంజనైతే రెండు వేలు. పెచ్చు పూడ్చడానికి నన్ను అడిగింది 900. అంటే సక్రమంగా క్లెయిము పెట్టినా నా చేతికొచ్చేది సున్నా. పోనీ అక్కడితో ఆగితే సరేననుకోవచ్చు. నో క్లెయిమ్ బోనస్ అని ఇంకొకటుంది. ఏడాది క్లెయిము లేకపోతే ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టానికి కట్టే) ప్రీమియంలో 20 శాతం తగ్గిస్తారు, రెండేళ్లకు 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, అయిదేళ్లకు 50. ఒక్క క్లెయిము పెట్టామా, వైకుంఠపాళిలో పెద్దపాము నోట్లో పడ్డట్టే, నేరుగా కిందికి.

నాది 50 శాతం గడి. ఓన్ డ్యామేజ్ ప్రీమియం 8,000 అని, అది మారదని అనుకుందాం. క్లెయిము పెడితే వచ్చే ఏడాది 4,000 తగ్గింపు పోతుంది. ఆపై ఏడాది 50కి బదులు 20 శాతమే, అక్కడ 2,400 నష్టం. తర్వాత వరసగా 2,000, 1,200, 400. మళ్లీ పాత గడికి చేరేలోపు మొత్తం 10,000 రూపాయలు. దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే 11,800. మా చిన్న కారుకు కొత్త అద్దం వేయడానికి సర్వీస్ సెంటర్ వాళ్లు చెప్పింది 9,600. గాజుకు తరుగు (పాతబడినందుకు కోత) కొట్టరు కాబట్టి వెయ్యి మినహాయించి, రబ్బరు బీడింగు మీద సగం తరుగు తీసేసినా ఎనిమిది వేల పైచిలుకు వస్తుందనుకోండి. పోయేది దానికన్నా ఎక్కువే! అంటే నాలాంటివాడు పెచ్చుకు క్లెయిము పెట్టినా నష్టమే, అద్దానికి పెట్టినా నష్టమే. ఏటా కడుతున్న ప్రీమియంలో అద్దం భాగం దేనికన్నట్టు?

చివరికి జేసీ రోడ్డుకు వెళ్లాను. కారు సామానుకు బెంగళూరులో అందరూ పోయేది అక్కడికే. ఒక చిన్న దుకాణంలో మా చిత్తూరు వైపు యాస మాట్లాడే అబ్బాయి అరగంటలో పని ముగించాడు. పెచ్చు మీద చిన్న పరికరం బిగించి, లోపలి గాలి లాగేసి, చిక్కటి ద్రవం ఎక్కించి, నీలం దీపం పెట్టి గట్టిపరిచాడు. ముందు అద్దం నిజానికి రెండు గాజు పలకలని, మధ్యలో పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఉంటుందని, అందుకే పక్క అద్దాల్లా పొడిపొడిగా రాలిపోదని అతనే చెప్పాడు. దెబ్బ తగిలింది పై పలకకే. అయితే పైకంతా ఎండ, లోపల ఏసీ చలి, మధ్యలో మన నగరపు గుంతలూ హంపులూ. వీటి మధ్య చిన్న బీట ఏ పొద్దుటికైనా అద్దం ఈ చివర్నుంచి ఆ చివరకు పాకుతుంది. దుమ్మూ నీళ్లూ లోపలికి దిగితే పూడ్చినా అతుకు సరిగా కుదరదు. రూపాయి బిళ్లకన్నా చిన్నదిగా ఉండి, డ్రైవరు చూపుకు ఎదురుగానో అంచు పక్కనో కాకుండా ఉంటేనే ఈ వైద్యం పనికొస్తుందట. ఆగమన్న కుర్రాడి మాట విని ఉంటే ఆ అవకాశం పోయేది.

900 నా జేబులోంచే పోయాయి. దానికి బాధ లేదు. నాకు మింగుడు పడనిది పాలసీ కాగితంలోనే ఉన్న ఒక షరతు. వాహనానికి నష్టం రాకుండా యజమాని తగిన జాగ్రత్తలన్నీ తీసుకోవాలి, బండిని మంచి స్థితిలో ఉంచాలి అని అందులో రాసి ఉంటుంది. జాగ్రత్త తీసుకుని పెచ్చు పూడ్పించుకోబోతే బోనస్ మొత్తం లాక్కుంటామని పక్క పేజీ చెబుతుంది. ఎవరైనా భయపడి ఆ పెచ్చును అలాగే వదిలేసి, ఏ కారణం చేతో పాలసీ నాలుగు రోజులు లాప్స్ అయిందనుకోండి. మళ్లీ తీసుకోవడానికి బండిని తనిఖీ చేసినప్పుడు, అద్దం ముందే దెబ్బతింది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోబోమని రాసేస్తారు. థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి బీమా) మాత్రమే కడుతున్నవాళ్లకైతే అద్దం ఊసే లేదు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకు థర్డ్ పార్టీ మూడేళ్లకు ఒకేసారి కట్టించుకుంటున్నారు. మూడేళ్లకు బీమా ఉందన్న ధీమాతో, ఓన్ డ్యామేజ్ రెన్యువల్ మరిచిపోయినవాళ్లు మా అపార్ట్‌మెంటులోనే ఇద్దరు తేలారు.

బోనస్ పోకుండా యాడ్ ఆన్ (పాలసీకి అదనపు రక్షణ) తీసుకోవచ్చు కదా అని ఏజెంట్లు అంటారు. అమ్ముతున్నమాట నిజమే, దానికి వేరే డబ్బు కట్టాలి, దానికీ పరిమితులుంటాయి. తొమ్మిది వందల పని కోసం మరో ప్రీమియమా?

నా సూచన చిన్నది. అద్దం మార్చడం వేరు, పెచ్చు పూడ్చడం వేరు. పూడ్చడానికి వెయ్యి రూపాయల మినహాయింపు ఎత్తేయాలి, దాన్ని బోనస్ లెక్కలో క్లెయిముగా చూడకూడదు. ఏడాదికి ఇన్నిసార్లు, ఒక్కోసారి ఇంత అని హద్దు పెట్టుకోమనండి, అభ్యంతరం లేదు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో సమగ్ర బీమా ఉన్నవాళ్లకు ముందు అద్దం విషయంలో డిడక్టబుల్ (మనం భరించాల్సిన మొదటి మొత్తం) వర్తించకూడదని చట్టమే ఉంది. హద్దు ఎందుకంటున్నానో కూడా అక్కడే కనిపిస్తుంది. అద్దాల దుకాణాలు వాహనదారుల హక్కులు తమ పేర రాయించుకుని బీమా కంపెనీల మీద కుప్పలుగా దావాలు వేశాయి. చివరికి 2023లో అలా రాయించుకోవడాన్నీ, కానుకలు ఎరవేయడాన్నీ నిషేధిస్తూ మరో చట్టం తేవలసి వచ్చింది. మన జేసీ రోడ్డు అంత అమాయకమైందేమీ కాదు.

కంపెనీలకు ఇది దానధర్మమేమీ కాదు. కొత్త కార్లలో అద్దం వెనక కెమెరా ఉంటుంది. అద్దం మారిస్తే ఆ కెమెరాను మళ్లీ సరిచూసి అమర్చాలి, బిల్లు ఎక్కడికో పోతుంది. వందల్లో పోయేదాన్ని వేలల్లోకి పోనివ్వకుండా ఆపితే మిగిలేది వాళ్లకే. మనకు తప్పేది ఫాస్టాగ్ మళ్లీ తీసుకునే తిప్పలు, హెచ్ఎస్ఆర్పీ (హై సెక్యూరిటీ నంబరు ప్లేటు)తో వచ్చే అద్దం స్టిక్కరు కోసం మళ్లీ తిరిగే తిప్పలు. పాత అద్దంతో పాటు అవి రెండూ పోతాయని అద్దం మార్చుకున్నాక గానీ చాలామందికి తెలియదు.

ఓన్ డ్యామేజ్ ప్రీమియం ధరలను 2007లోనే కంపెనీలకు వదిలేశారు. బోనస్ మెట్లు మాత్రం పాత టారిఫ్ (అన్ని కంపెనీలకూ ఒకే ధరల పట్టిక) నాటివే నడుస్తున్నాయి. వాటిని మార్చగలిగిన బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఉండేది హైదరాబాదులో. అక్కడ మీ పత్రిక చదివే అధికారులు ఉండే ఉంటారు, అందుకే ఈ ఉత్తరం కన్నడ పత్రికకు కాక మీకు రాస్తున్నాను. నిబంధన మారేదాకా కనీసం ఒక్క పని చేయించండి. పాలసీతో ఇచ్చే కాగితంలో "అద్దం పెచ్చు పూడిస్తే మీ బోనస్ పోతుందా, పోదా" అనే ప్రశ్నకు ఒక్క మాటలో, మనిషికి అర్థమయ్యే భాషలో జవాబు అచ్చు వేయించమనండి. నేను కంపెనీ కాల్ సెంటరుకు మూడుసార్లు ఫోన్ చేశాను. ఒకరు పోదన్నారు, ఒకరు పోతుందన్నారు, మూడో ఆవిడ "మీరు క్లెయిము పెట్టి చూడండి సార్" అంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
రామమూర్తినగర, బెంగళూరు