ఐచ్ఛికం పేరుకే, ఎంపిక కళాశాలదే

సంపాదకులకు,

వ్యాపార నిర్వహణ డిగ్రీ అయిన బీబీఏ సీట్లకు గిరాకీ పెరుగుతోందని కిందటి వారం మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. సీట్లు నిండుతున్నాయని అందరూ సంతోషిస్తున్నారు గాని, చేరిన పిల్లలు ఆరు సెమిస్టర్లలో ఏ సబ్జెక్టు ఎప్పుడు చదవాలో ముందుగా చెప్పే నాథుడే లేడన్న సంగతి ఎవరికీ పట్టడం లేదు.

మా అమ్మాయి నగరంలోని ఒక ప్రైవేటు కళాశాలలో బీబీఏ చదువుతోంది. చివరి ఏడాదిలో ఫైనాన్స్, మార్కెటింగ్, హెచ్‌ఆర్‌లలో నచ్చినది తీసుకోవచ్చని ప్రవేశాలప్పుడు పంచిన కరపత్రంలో అచ్చు వేశారు. తీరా ఐదో సెమిస్టర్ వచ్చేసరికి, ఫైనాన్స్ కోరినవారు తక్కువమంది ఉన్నారని, చెప్పే అధ్యాపకుడు మానేశారని అంటూ తరగతి మొత్తాన్నీ హెచ్‌ఆర్‌లో కూర్చోబెట్టారు. బ్యాంకు ఉద్యోగం మీద ఆశతో మొదటి ఏడాది నుంచీ అకౌంట్స్ మీద శ్రమపడిన పిల్లను ఇలా దారి మళ్లించే అధికారం వారికి ఎవరిచ్చారు? ఫీజు గడువు విషయంలో మాత్రం ఒక్క రోజు కూడా ఆగరు.

ఈ చదువులో సబ్జెక్టులకు ఒక వరుస ఉంది. ఫైనాన్షియల్ అకౌంటింగ్ రానివారికి కాస్ట్ అకౌంటింగ్ తలకెక్కదు. ఆ రెండూ రాకపోతే ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్‌లో పెట్టుబడి ప్రతిపాదనల మదింపు అర్థం కాదు. స్టాటిస్టిక్స్ సరిగా చెప్పకుండా మార్కెట్ సర్వే ప్రాజెక్టు ఇస్తే, పిల్లలు ఎవరో రాసిన నివేదికను కొని, బైండింగ్ చేయించి సమర్పిస్తున్నారు. ఇది అధ్యాపకులకూ తెలుసు.

నిబంధనలకు కొదవ లేదు. మూడేళ్ల డిగ్రీకి 120, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160 క్రెడిట్లు (చదువును కొలిచే యూనిట్లు) అని యూజీసీ 2022లోనే చట్రం ఇచ్చింది. 2024-25 నుంచి బీబీఏను సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ పరిధిలోకి తెచ్చి నమూనా పాఠ్యప్రణాళికనూ విడుదల చేశారు. అమలును చూసేవారే కరువయ్యారు. తనిఖీకి వచ్చినవారు గదులు, కంప్యూటర్లు లెక్కపెట్టి వెళ్తున్నారు తప్ప, కోరిన సబ్జెక్టు దొరికిందా అని పిల్లలను అడగడం లేదు. మేము ఫిర్యాదు చేస్తే కళాశాలవారు విశ్వవిద్యాలయం మీద, అక్కడివారు మరో కార్యాలయం మీద నెట్టేస్తున్నారు. ఏ శాఖకు వెళ్లినా సామాన్యుడికి ఇదే అనుభవం.

డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ వేదిక దోస్త్‌లో వెబ్ ఆప్షన్లు మొదలు కాకముందే ప్రతి కళాశాలా ఆరు సెమిస్టర్ల ప్రణాళికను, ఏ ఐచ్ఛికానికి అధ్యాపకులు ఉన్నారో, కనీసం ఎంతమంది చేరితే దానిని నడుపుతారో రాతపూర్వకంగా ప్రకటించాలి. నడపలేకపోతే పొరుగు కళాశాలలో చదువుకోనివ్వాలి. ఒకచోట సంపాదించిన క్రెడిట్లను మరోచోట లెక్కలోకి తీసుకోవడానికే 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌ను ప్రారంభించారు కదా. ఇప్పటికే నష్టపోయిన పిల్లలకు ఆరో సెమిస్టర్‌లోనైనా ఫైనాన్స్ పేపర్లు చదివే అవకాశం కల్పించాలి. ఆ ఉత్తర్వు పరీక్ష ఫీజు గడువు ముగిసేలోగా రావాలి.

— ఒక విద్యార్థిని తండ్రి, నల్లకుంట, హైదరాబాద్