గసడదవాకి ఓ ఉత్తరం

ఒరేయ్ గసడదవా,

నీ రెండు ఉత్తరాలకీ కలిపి ఒకటే జవాబు. ముందు తిట్టేసుకో, ఆ తర్వాత చదువు. ఇంట్లో అందరం బాగున్నాం. అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, నాకు జుట్టు తగ్గుతోంది. దిద్దాల్సిన పేపర్లు రెండు కట్టలు బల్ల మీద నన్నే చూస్తున్నాయి. అంతే కబుర్లు. అసలు సంగతి చెప్పకపోతే నాకు కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

తొమ్మిదో తరగతికి ఇంగ్లీషులో ప్రొనౌన్, యాంటిసిడెంట్ అగ్రిమెంట్ చెబుతున్నా, అదే, సర్వనామం ఏ నామవాచకం బదులు వస్తే దాని వచనంతో, లింగంతో కలవాలన్న పాఠం. మనకి ఆ పాఠం జరిగిన రోజు నువ్వు లేచి ఏమన్నావో గుర్తుందా? సూత్రం బట్టీ పట్టించడం ఇష్టంలేక బాణాలతో మొదలుపెట్టా. సర్వనామం చుట్టూ సున్నా చుట్టి, 'ఎవరి బదులు నిలబడ్డావమ్మా నువ్వు?' అని దాన్నే అడగమంటా. జవాబుగా దొరికిన నామవాచకం దాకా వెనక్కి బాణం గియ్యాలి. 'ఈచ్ ఆఫ్ ది గర్ల్స్' దగ్గర సగంమంది బాణాలు గర్ల్స్ మీద దిగాయి, అది ఏటా ఉన్నదే. 'ఆఫ్ దగ్గర్నుంచి అరచెయ్యి అడ్డం పెట్టండి' అన్నా. ఈచ్ ఒక్కటే మిగిలింది, అది ఏకవచనం కాబట్టి 'హర్' దానంతటదే వచ్చింది. ఒకడు మాత్రం 'మై సిస్టర్ లాస్ట్ ఇట్స్ పెన్' అని రాశాడు. ఇదేంట్రా అంటే, 'ఇంట్లో దాన్ని అది అనే అంటాం సార్' అన్నాడు. వాడి బాణం మాత్రం తిన్నగానే ఉందిరా!

అక్కడితో ఆగుంటే నీకు ఈ ఉత్తరం వచ్చేది కాదు.

అంతకుముందు పెట్టిన పరీక్షలో ఒకమ్మాయి 'ఎవ్రీవన్ బ్రాట్ దెయిర్ బుక్' అని రాస్తే మార్కు కొట్టేశా. ఎవ్రీవన్ ఏకవచనం, 'హిజ్ ఆర్ హర్' రాయాలి, జవాబుల కీలోనూ అదే ఉంది. ఈ ఏడాదంతా ఆ పిల్ల గొంతు నేను విన్నది హాజరు పిలిచినప్పుడే. అలాంటిది పేపరు పట్టుకుని లేచింది.

'సార్, తలుపు చప్పుడైతే ఎవరో వచ్చారు అంటాం. వచ్చింది ఒక్కరే అయినా సరే. మరి అది తప్పు కాదా?'

'ఎవడో వచ్చాడు అని కూడా అనొచ్చు కదమ్మా' అన్నా, మహా తెలివిగా.

'అలా అంటే తిట్టినట్టుంటుంది సార్. అయినా తలుపు తియ్యకుండా ఆడో మగో ఎలా తెలుస్తుంది?'

క్లాసు క్లాసంతా నా మొహమే చూస్తోంది. చేతిలో సుద్దముక్క రెండయింది. నేను ఏదో సర్దబోయేలోపే బోర్డు దగ్గరికొచ్చి 'ప్రతి విద్యార్థీ తన పుస్తకం తెచ్చుకోవాలి' అని రాసింది. 'ఇక్కడ తన అంటే చాలు. ఒక్కరే అని తెలుస్తుంది, ఆడామగా గొడవ లేదు. ఇంగ్లీషులో తనకి ఏమంటారు సార్?'

ఏమంటారురా? చెప్పు! ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్కసారీ తట్టలేదు నాకు. 'దానికి మాట లేదమ్మా' అన్నా. వెనక బెంచీ నుంచి ఎవరో నెమ్మదిగా 'పాపం' అన్నారు. ఇంగ్లీషు మీద జాలిపడిన గొంతు మొదటిసారి విన్నా. నవ్వాగలేదు, నాకూ వాళ్ళకీ.

ఇక ఆ గంటంతా 'తన'తోనే గడిచిపోయింది. 'రవి కిరణ్‌తో తన పుస్తకం పోయిందన్నాడు' అంటే పోయింది రవిదేనని ఎవరైనా చెబుతారు. అదే ఇంగ్లీషులో 'రవి టోల్డ్ కిరణ్ దట్ హిజ్ బుక్ వజ్ లాస్ట్' అని రాసి బాణం గియ్యమన్నా. సగంమంది రవి మీదకి, సగంమంది కిరణ్ మీదకి గీశారు. ఇద్దరూ కొట్టుకుచావాల్సిందే. ఇదే నేను వ్యాకరణ సూత్రంగా చెప్పుంటే రెండు ఆవలింతలు వచ్చేవి.

రాత్రి నిద్రపట్టక పుస్తకాలు తిరగేశా. ఒక్క మనిషికి 'దే' వాడటం 1375 నాటి నుంచే ఉందని ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు అంటోంది! అమెరికా నిఘంటువు మెరియమ్ వెబ్‌స్టర్ వాళ్ళు 2019లో ఆ మాటనే ఆ ఏటి మాటగా ఎంచారు. అసలు 'యూ' కూడా ఒకప్పుడు బహువచనమే కదా, మన మీరు లాగా. ఒక్కడితో మాట్లాడుతూ 'యూ ఆర్' అన్నప్పుడు లేని అభ్యంతరం 'దెయిర్' దగ్గరే నాకెందుకొచ్చింది?

మర్నాడు మార్కు ఇచ్చేశా. కానీ పెద్ద పరీక్షలో ఇంకెవరి చేతిలో కీ ఉంటుందో! అందుకని గొడవ లేని దారి కూడా చెప్పా: 'ఆల్ ది స్టూడెంట్స్ బ్రాట్ దెయిర్ బుక్స్' అని కర్తనే బహువచనం చేసెయ్యమని. ఆ పిల్ల రాసుకుంది గానీ, 'అంటే నాది తప్పు కాదు, భయం అంతేనా సార్?' అంది. దానికి నేను ఏదో గొణిగాను.

ఇన్నేళ్ళలో ఎన్ని 'దెయిర్'ల మీద ఎర్ర గీత పెట్టానో తలుచుకుంటే మాత్రం... అది వేరే ఉత్తరం. నువ్వయితే ఏం చేసేవాడివి? నీ బళ్ళో కూడా కీ అలాగే

గంట కొట్టేశారురా, క్లాసుకి పోవాలి. ఇది ఇవాళే డబ్బాలో వేసెయ్యాలి, లేకపోతే మళ్ళీ రెండు నెలలు.

నీ
ఇకారసంధి