పాలెంలో రైతు సంఘాలు నడపడం నేర్పే డిగ్రీ పెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే మా వైపు బైపీసీ పిల్లలున్న ప్రతి ఇంట్లో ఒకటే లెక్క: ఎంబీబీఎస్ రాకపోతే ఏజీ బీఎస్సీ. సీటు వస్తే రాజేంద్రనగరో, నాగర్‌కర్నూల్ జిల్లా పాలెమో, జగిత్యాలో, అశ్వారావుపేటో. నాలుగేళ్ల తర్వాత వాళ్లలో చాలామంది బ్యాంకు ఏఎఫ్‌వో (అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్) పరీక్షకో గ్రూప్స్‌కో కోచింగ్‌లో చేరతారు, లేదా ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తారు. వాళ్లను తప్పుపట్టడానికి ఏమీ లేదు, ఎవరి ఇంటి అప్పులు వాళ్లవి. అయితే ఆ చదువుతో ఆకు చూసి తెగులు చెప్పేవాళ్లు తయారవుతున్నారు గానీ, మూడు వందల మంది రైతుల సంఘాన్ని నడిపేవాళ్లు తయారు కావడం లేదు. నల్గొండ, పాలమూరు జిల్లాల్లో ఇప్పుడు కరువల్లా అలా నడిపేవాళ్లకే.

2020 ఫిబ్రవరిలో కేంద్రం పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘాల (ఎఫ్‌పీవోల) పథకం మొదలుపెట్టింది. మైదాన ప్రాంతంలో ఒక్కో ఎఫ్‌పీవోకు కనీసం 300 మంది సభ్యులుండాలి. నిర్వహణ ఖర్చులకు మూడేళ్లలో 18 లక్షల రూపాయల దాకా ఇస్తారు, సీఈవో జీతానికి నెలకు 25 వేల దాకా అందులోనే. కాగితం మీద బాగానే ఉంది. మా దగ్గరి ఒక సంఘంలో ఏం జరిగిందో చెబుతాను. డైరెక్టర్లంతా రైతులే, అందరూ మంచివాళ్లే. బ్యాలెన్స్ షీట్ ముందు పెడితే సంతకం ఎక్కడ పెట్టాలని మాత్రం అడుగుతారు. సీఈవోగా వచ్చిన కుర్రాడికి బ్యాంకు ఉద్యోగం రాగానే వెళ్లిపోయాడు. ఆ తర్వాత జీఎస్టీ రిటర్న్ ఎవరు వేయాలో, ఆడిటర్‌ను ఎవరు కలవాలో, సర్వసభ్య సమావేశం తీర్మానం ఎలా రాయాలో తెలిసినవాళ్లు లేరు. మా వాటా డబ్బు బ్యాంకులో పడి ఉంది. మేము మాత్రం ఎప్పటిలాగే తోట దగ్గరికొచ్చిన వ్యాపారికే బత్తాయి అమ్ముకుంటున్నాం, టన్నుకు ఇంతని సూటు, అంటే వ్యాపారి తూకంలో కోసుకునే తరుగు, వదులుకుంటున్నాం.

ఒక్క లారీ బత్తాయిని సొంతంగా ఢిల్లీకి పంపాలంటే ఏమేం కావాలో చూడండి. కాయ సైజుల వారీగా ఏరాలి. లారీ కిరాయి మాట్లాడుకోవాలి. అక్కడ నమ్మకమైన కమీషన్ ఏజెంట్ ఉండాలి. పైసలు చేతికొచ్చే దాకా రైతు ఆగలేడు కాబట్టి ముందే కొంత ఇవ్వాలి. మధ్యలో ధర పడిపోతే ఆ నష్టం ఎవరిదో సభ్యులతో ముందుగానే ఒప్పించుకోవాలి. అన్నిటికన్నా కష్టం ఈ చివరిదే. దీన్ని నేర్పే క్లాసు నాకు తెలిసి మన దగ్గర ఎక్కడా లేదు.

బత్తాయి ఒక్కటే కాదు. కోతల సీజన్లో మిర్యాలగూడ మిల్లుల ముందు టోకెన్ల కోసం పడిగాపులు పడే రైతు, పత్తిలో తేమ 12 శాతం దాటిందని సీసీఐ (భారత పత్తి సంస్థ) తిప్పి పంపిన రైతు, గద్వాల వైపు సీడ్ పత్తి వేసి, విత్తన కంపెనీకీ రైతుకీ మధ్య ఉండే ఆర్గనైజర్ చెప్పిందే రేటనుకునే రైతు, అందరూ ఒంటరిగానే బేరమాడుతున్నారు.

సంఘాన్ని నడిపే నాయకత్వం చదివితే వస్తుందా అని కొందరు నవ్వుతారు. మా దగ్గర లీడర్ అనగానే ఫ్లెక్సీ గుర్తొస్తుంది మరి, వాళ్ల తప్పు కూడా కాదు. అమెరికాలో టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో వ్యవసాయ నాయకత్వం మీదే డిగ్రీ ఉంది. అంత దూరం ఎందుకంటే, కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం త్రిశ్శూర్ దగ్గరి వెల్లనిక్కరలో సహకారం, బ్యాంకింగ్ మీద బీఎస్సీ ఆనర్స్ ఎన్నో ఏళ్ల కిందటే పెట్టింది. మన హైదరాబాద్‌లోనే కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ శిక్షణ సంస్థ మేనేజ్ అగ్రి బిజినెస్ నేర్పుతోంది, కానీ అది పీజీ స్థాయిలో. ఇక ముల్కనూరు సహకార సంఘం ఏ డిగ్రీ లేకుండానే 1956లో పుట్టిందని అంటారు. నిజమే. కానీ అలాంటి సంఘాలు రాష్ట్రంలో ఎన్ని ఉన్నాయి? ముల్కనూరు సంఘాన్ని పెట్టిన విశ్వనాథరెడ్డి గారి లాంటి మనిషి ప్రతి మండలంలో పుట్టాలని కూర్చుంటే ఇంకో డెబ్బై ఏళ్లు పడుతుంది.

అందుకే ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి నా విన్నపం, పాలెంలో ఈ డిగ్రీ మొదలుపెట్టండి. దక్షిణ తెలంగాణ మండలానికి పరిశోధనా స్థానం అక్కడే ఉంది, కాలేజీ ఉంది, పాలిటెక్నిక్ ఉంది, కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. మొదటి రెండేళ్లు మామూలు వ్యవసాయ పాఠాలే చెప్పండి. తర్వాత ఒక వానాకాలం, ఒక యాసంగి పూర్తిగా సొసైటీలోనో, ఎఫ్‌పీవోలోనో, మార్కెట్ యార్డులోనో పని చేయించండి. ఏజీ బీఎస్సీ పిల్లలు చివరి ఏడాదిలో ఇప్పుడూ పల్లెల్లో ఉండి వెళ్తున్నారు, కానీ చూసి రాసుకోవడం వేరు, లెక్కకు జవాబుదారీగా ఉండటం వేరు. రాష్ట్రంలో 2,600కు పైగా రైతు వేదికలు కట్టారు, ఐదు వేల ఎకరాలకు ఒకటి చొప్పున. పిల్లలు కూర్చుని పనిచేయడానికి చోటు వెతకాల్సిన పని లేదు.

బైపీసీ ఒక్కటే అర్హత అనకండి. లెక్కలు రాసే పనికి సీఈసీ పిల్లలు ఎందుకు పనికిరారు? పాలెం, కంపాసాగర్ పాలిటెక్నిక్‌లలో డిప్లొమా చేసినవాళ్లకూ దారి ఉండాలి. ఒక షరతు మాత్రం ముఖ్యం. మొదటి బ్యాచ్ చేరకముందే ఈ డిగ్రీ ఏఈవో పోస్టులకు, బ్యాంకు ఏఎఫ్‌వో పోస్టులకు చెల్లుతుందని రాతపూర్వకంగా తేల్చాలి. లేకపోతే నోటిఫికేషన్‌లో డిగ్రీ పేరు లేదని మా పిల్లలు కోర్టుల చుట్టూ తిరగాలి. ఎఫ్‌పీవో జీతం మూడేళ్లకే ఆగిపోతుంది కాబట్టి ఈ భరోసా లేకుండా ఏ తల్లిదండ్రులూ పిల్లల్ని పంపరు, నేనూ పంపను.

ముప్పై సీట్లతో మొదలుపెట్టినా చాలు. సగం ఆడపిల్లలకు ఇవ్వండి. ఊళ్లలో ఐకేపీ (ఇందిరా క్రాంతి పథం) వడ్ల కొనుగోలు కేంద్రాలను నడుపుతున్నది మహిళా సంఘాలే. కాంటా దగ్గర తరుగు గొడవ వస్తే ముందు నిలబడి మాట్లాడాల్సింది వాళ్లే.

ఇట్లు,
ఒక బత్తాయి రైతు,
గుర్రంపోడు మండలం, నల్గొండ జిల్లా