అమ్మానాన్నల వైద్యం కోసం వచ్చిన రోజులను సామాను సుంకం మినహాయింపుకు పెట్టిన ఆరు నెలల్లో కలపకండి: కేంద్ర ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

2025 ఆగస్టు, రాజోలు

గౌరవనీయులైన శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,

నమస్కారం. మాది కోనసీమలో రాజోలు దగ్గర ఒక పల్లె. చాలా ఏళ్లు మస్కట్‌లో ఉద్యోగం చేసి, భార్యాబిడ్డలతో సహా ఈమధ్యే శాశ్వతంగా వచ్చేశాను. మీ అత్తింటివారి నర్సాపురం మాకు గోదావరి అవతలి ఒడ్డే, సఖినేటిపల్లి రేవు దాటితే చాలు. 2014 నుంచి 2016 దాకా రాజ్యసభలో ఆంధ్రప్రదేశ్ తరఫున ఉన్నారు కూడా. గల్ఫ్‌లో మనిషి లేని ఇల్లు మా వైపు ఎంత అరుదో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఈ ఉత్తరం కస్టమ్స్ శాఖ బ్యాగేజీ నిబంధనల గురించి. బయట కాపురం ఎత్తేసి స్వదేశానికి వచ్చేవాళ్లు ఇంటి సామాను సుంకం లేకుండా తెచ్చుకోవడానికి 2025 ఆగస్టులో నేనిది రాసేనాటికి అమల్లో ఉన్న 2016 నిబంధనలు వీలు కల్పించాయి. రెండేళ్లు, ఆపైన విదేశంలో ఉన్నవాళ్లకు 5 లక్షల రూపాయల విలువ దాకా మినహాయింపు ఉంది. అయితే ఆ చివరి రెండేళ్లలో ఇండియాకు వచ్చి ఉన్న రోజులన్నీ కలిపి ఆరు నెలలు మించకూడదు. మించితే 2 లక్షల మెట్టుకు దిగిపోతాం. ఆ పరిమితి దాటిన విలువ మీద 35 శాతం సుంకం, దానికి సర్‌చార్జి, కలిపి 38.5 శాతం కట్టాలి.

ఏటా నెలరోజుల సెలవు మీద వచ్చిపోయేవాళ్లకు ఆరు నెలలంటే చాలా ఎక్కువే. కానీ ఇక వచ్చేద్దాం అనుకునేవాళ్ల చివరి రెండేళ్లు అలా గడవవు. అసలు చాలామంది వచ్చేసేది ఇంటి దగ్గర అమ్మకో నాన్నకో బాగోలేకే. మా నాన్నగారికి కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ మొదలైంది. వారానికి మూడుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంట్లో అమ్మ ఒక్కతే. మొదట ఉన్న సెలవు వాడుకున్నాను, తర్వాత జీతం లేని సెలవు పెట్టాను, మళ్లీ వెళ్లాను, మళ్లీ రమ్మని ఫోన్ వచ్చింది. ఇలా కొడుకుగా చేయాల్సింది చేస్తూ ఉండగానే ఆ ఆరు నెలలు దాటిపోయాయి. పాస్‌పోర్టులో ముద్రలు చూసి లెక్క కట్టిన కస్టమ్స్ అధికారికి అవి ఇండియాలో ఉన్న రోజులుగానే కనిపించాయి. నిబంధన అలాగే ఉంది కాబట్టి ఆ అధికారిని నేను తప్పు పట్టడం లేదు.

ప్రత్యేక పరిస్థితులుంటే ఈ ఆరు నెలల షరతును సడలించే అధికారం కస్టమ్స్ కమిషనర్‌కు ఉంది, కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి అని అదే నిబంధనల్లో రాసి ఉంది. మంచిదే. కానీ ఆ ప్రత్యేక పరిస్థితులు ఏమిటో ఎక్కడా లేదు. కన్నవాళ్ల జబ్బు అందులోకి వస్తుందా? ఆసుపత్రి కాగితాలు ఏవి చూపించాలి? ఎన్నాళ్లలో తేలుస్తారు? సామాను పంపకముందే అడగొచ్చా? నేను అడిగిన ప్రతివాళ్లూ తలా ఒక జవాబు చెప్పారు. చివరికి కంటైనర్ దిగాక అర్జీ పెట్టుకోవాల్సి వచ్చింది. షిప్పింగ్ కంపెనీ ఇచ్చే ఉచిత గడువు అయిపోతే రోజుకింత అని అద్దె పడుతుంది, గోదాము అద్దె వేరు. ఆ స్థితిలో ఉన్నవాడు న్యాయం కోసం ఆగలేడు. మాకు సడలింపు దొరకలేదు, అడిగింది కట్టి సామాను విడిపించుకున్నాం.

మంత్రి గారూ, నేను కోరేది ఇదే. తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, బిడ్డలు, వీరి వైద్యం కోసమో అంత్యక్రియల కోసమో ఇండియాలో ఉన్న రోజులను ఆ ఆరు నెలల్లో కలపకూడదని నిబంధనలోనే రాయించండి. ఆసుపత్రి డిశ్చార్జి కాగితాలో మరణ ధ్రువపత్రమో చూపిస్తే చాలనండి. దొంగ కాగితాలు పెట్టేవాళ్లుంటే పట్టుకుని శిక్షించండి. అధికారి దయ మీద వదిలేసిన విషయం మా లాంటివాళ్లకు హక్కు కింద రావాలి. ఎందుకంటే ఇంగ్లీషులో అర్జీ రాసి, ఏజెంటును పెట్టుకుని, పెద్దాఫీసు దాకా వెళ్లగలిగినవాళ్లకే ఇప్పుడు ఆ సడలింపు అందుబాటులో ఉంది. ఇళ్లలో పని చేయడానికి కువైట్ వెళ్లిన రాయచోటి ఆడపడుచు, దుబాయ్‌లో తాపీపని చేసిన జగిత్యాల తమ్ముడు ఆ మెట్లు ఎక్కలేరు.

రెండో మాట సామాను విలువ గురించి. ఇందులో కారు ప్రస్తావన వస్తుంది. మస్కట్‌లో మా కారు అమ్మేసే వచ్చాం. అక్కడి కార్లకు స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది, ఇక్కడికి తేవాలనుకునే పాత కారుకు కుడివైపు ఉండాలి, తయారై మూడేళ్లు దాటకూడదు. పైగా సుంకమే కారు విలువను మించిపోతుంది. మన రోడ్ల భద్రత కోసం స్టీరింగ్ షరతు ఉండాల్సిందే, దాని మీద నాకు పేచీ లేదు. కానీ పాత కారు విలువ కట్టడానికి మీ శాఖ దగ్గర ఒక తరుగుదల పట్టిక ఉంది. మొదటి ఏడాది ప్రతి మూడు నెలలకు 4 శాతం, రెండో ఏడాది 3 శాతం, మూడో ఏడాది 2.5 శాతం, అలా మొత్తం 70 శాతం దాకా తగ్గిస్తారు. కారు తెచ్చేవాళ్లు ఇంట్లో కూర్చుని తమ సుంకం ఎంతో లెక్క వేసుకోవచ్చు. ఏడేళ్లు వాడిన వాషింగ్ మెషిన్‌కు, పిల్లలు తొక్కి తొక్కి కుంగిపోయిన సోఫాకు అలాంటి పట్టిక నాకెవరూ చూపించలేదు. చూసినవారికి ఎంత అనిపిస్తే అంత. మా ప్యాకింగ్ లిస్టులో నేను వేసిన ధరలకూ, వాళ్లు కట్టిన ధరలకూ పొంతన లేదు. కారుకు వాడిన పద్ధతినే ఇంటి సామానుకూ పెట్టండి, గొడవే ఉండదు.

ఫ్రిజ్ విషయం కూడా చూడండి. 300 లీటర్ల లోపుదైతే మినహాయింపులోకి వస్తుంది, దాటితే సుంకం పడే జాబితాలోకి పోతుంది. టీవీ, డిష్‌వాషర్ కూడా ఆ జాబితాలోవే. ఐదారుగురున్న ఇంట్లో 300 లీటర్ల పైన ఫ్రిజ్ ఈరోజు విలాసం కాదు, అమలాపురం షాపుల్లో వాయిదాల మీద కొనుక్కుంటున్నారు. ఒమన్‌లో కరెంటు మన లాగే 50 హెర్ట్జ్, వోల్టేజీ కూడా దాదాపు ఇంతే, కాబట్టి అక్కడి వస్తువులు ఇక్కడ చక్కగా పనిచేస్తాయి. అమెరికా నుంచి వచ్చేవాళ్లు 120 వోల్టుల ఫ్రిజ్‌లు అక్కడే వదిలేసి వస్తారు. అంటే ఈ షరతు తగిలేది ఎక్కువగా గల్ఫ్ వాళ్లకే. టీవీ సంగతి మా ఊళ్లో అందరికీ గుర్తే. విమానంలో దుప్పటి చుట్టి టీవీని సుంకం లేకుండా తెచ్చుకునే రోజులు 2013 ఆగస్టు 26తో పోయాయి. రూపాయి పడిపోతున్న సమయమది, ఆ కారణం అర్థం చేసుకున్నాం. పన్నెండేళ్లయింది, ఇప్పుడైనా ఒకసారి తిరిగి చూడమంటున్నాం.

చివరిగా ఒక చిన్న పని. సామాను ఓడ ఎక్కకముందే పాస్‌పోర్టు పేజీలు, ప్యాకింగ్ లిస్టు ఆన్‌లైన్‌లో పెడితే, మాకు ఏ పరిమితి వర్తిస్తుందో, సుమారు ఎంత కట్టాలో రాతపూర్వకంగా చెప్పే ఏర్పాటు చేయించండి. సడలింపు అర్జీ కూడా అక్కడే పెట్టనివ్వండి, ఆ ఫారం తెలుగులో కూడా ఉండనివ్వండి. ఇవ్వరని ముందే తెలిస్తే ఫ్రిజ్, మంచాలు అక్కడే అమ్ముకుని వస్తాం, అద్దెలైనా మిగులుతాయి.

మస్కట్‌లో మా పక్క ఫ్లాట్‌లో ఉండే కడప కుటుంబం డిసెంబరులో వచ్చేస్తోంది. ఆ అమ్మాయి తల్లికి క్యాన్సర్ వైద్యం జరుగుతోంది, తనకు కూడా ఆరు నెలలు దాటేలా ఉన్నాయి. ఏం చేయాలని ఫోన్‌లో నన్ను అడుగుతోంది. బడ్జెట్ దాకా ఆగకుండా, వైద్యం కోసం వచ్చిన రోజుల గురించి ఒక్క సర్క్యులర్ అయినా ముందుగా ఇప్పించండి.

ఇట్లు,
మస్కట్ నుంచి తిరిగొచ్చిన రాజోలు వాసి