మనవడికి ఇండుపగింజ

అమలాపురం

చిరంజీవి అమ్మాయికి,
నాన్న ఆశీస్సులు.

బడిలో మనవడి చేత ఘన పదార్థం, ద్రవ పదార్థం అంటూ బొమ్మల అట్టలు చూపించి వల్లె వేయిస్తుంటే, వాడు ఇంటికి రాగానే పూలకుండీలో మట్టి తవ్వుతున్నాడని నీ ఫిర్యాదు. తవ్వనీ తల్లీ. నాలుగేళ్లవాడికి పేరు కంటే ముందు వస్తువు చేతికి తెలియాలి.

వచ్చే నెల మీరొచ్చేసరికి కాలవకు మట్టి కలిసిన ఎర్రనీరు వచ్చేస్తుంది. రెండు గాజుగ్లాసుల్లో ఆ నీళ్లు పోద్దాం. ఒకదాంట్లో ఇండుపగింజ, అదే బురదనీళ్లు తేర్చే చెట్టుగింజ, అరగదీసి కలుపుదాం, రెండోదాని జోలికి పోవద్దు. ఇసుక చూస్తుండగానే అడుగుకు దిగుతుంది. సన్నని బంకమట్టి రేణువులు మాత్రం గంటల తరబడి నీళ్లలోనే తిరుగుతుంటాయి. ఇండుప తగిలితే అవి ఒకదాన్నొకటి అంటుకుని, బరువెక్కి, తొందరగా కిందికి చేరతాయి. కుళాయిలు రాకముందు మీ బామ్మ బిందెలో నీళ్లు తేర్చింది ఇలాగే. ఇదంతా వాడికి ముందే చెప్పేయకు. ఏ గ్లాసు ముందు తేరుతుందో అడిగి ఊరుకో. తప్పు చెబితే చెప్పనీ, మర్నాడు గ్లాసులు చూసి వాడే మాట మార్చుకుంటాడు. అడుగున చేరిన ఒండ్రును వేలితో తాకాక, మన కోనసీమ నేల కూడా గోదావరి ఇలా తెచ్చి పోసిందేనంటే కొంతైనా అందుతుంది. ఆ నీళ్లు తాగకుండా చూసే పని నాది.

తర్వాత కొబ్బరికాయ. పీచుతో ఉన్న ఎండుకాయ అంత పెద్దదీ తేలుతుంది, గోళీ మునిగిపోతుంది. బరువైనదే మునుగుతుందన్న వాడి లెక్క అక్కడ తిరగబడుతుంది. ఎండు పీచును నీళ్లలో ముంచి పిండమను. బుడగలు పైకొస్తాయి. కాయ తేలడానికి సాయపడే గాలి సంగతి అప్పుడు మాట్లాడవచ్చు.

ఒకదానికి మాత్రం వయసు రావాలి. వెడల్పు గిన్నెలోని నీళ్లు పొడుగు గ్లాసులో పోస్తే ఎక్కువయ్యాయంటాడు. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త పియాజే పిల్లలకు ఇదే పరీక్ష పెట్టి చూశాడు. సుమారు ఏడేళ్ల దాకా చాలామంది అలాగే అంటారు. వాదించకు. మళ్లీ గిన్నెలో పోయమను, చాలు.

కాలవ గట్టున వాడి చెయ్యి వదలను, ఆ బెంగ వద్దు. పాత నిక్కర్లు ఎక్కువగా సర్దు. వాడు ఒండ్రులో కూర్చున్నప్పుడు ఫోటో కోసం లేపవద్దని అల్లుడు గారికి కూడా చెప్పు.

నాన్న